సిపాయి గుర్తులు – షోకు బట్టలు



మనలో చాలామందిమి ముప్పయ్యేళ్లు, ముప్పయ్యయిదేళ్లు ఖాకీ తొడిగినవాళ్లమే. స్టీరింగు పట్టినవారు, టిక్కెట్లు కొట్టినవారు, గ్యారేజీలో బండి కింద దూరి నట్లు బిగించినవారు, అందరినీ ఆ రంగే కలిపింది. రిటైరయి ఇన్నేళ్లయినా బస్టాండులో ఖాకీ చొక్కా కనిపిస్తే మనసు అటు లాగుతుంది. అయితే ఆ ఖాకీ మొదట మనది కాదు, పోలీసులదీ కాదు. అది సిపాయిది. 1846లో పెషావర్‌లో హారీ లమ్స్‌డెన్ అనే ఇంగ్లీషు అధికారి ‘గైడ్స్’ అనే దళాన్ని కూర్చినప్పుడు, కొండల్లో, దుమ్ములో దూరానికి కనబడకుండా ఉండేందుకు ఎర్రకోటు బదులు మట్టిరంగు గుడ్డ తొడిగించాడు. ‘ఖాక్’ అంటే పారశీకంలో దుమ్ము. దుమ్ము రంగుది కనుక ఖాకీ. అక్కడి నుంచి ఆ రంగు బ్రిటిష్ సైన్యమంతటికీ పాకింది, పోలీసుకు వచ్చింది, చివరకు 1958 జనవరి 11న ఏర్పడిన మన రోడ్డు రవాణా సంస్థ దాకా నడిచొచ్చింది.

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమొకటి రాయమని కార్యదర్శిగారు అడిగితే, ఈ సంగతినే ఎంచుకున్నాను. అందుకు కారణం ఉంది. మన సంఘంలో మాజీ సైనికులు బాగానే ఉన్నారు. సైన్యంలో పదిహేనేళ్లు చేసి వచ్చి, మళ్లీ మన డిపోల్లో డ్రైవర్లుగా, సెక్యూరిటీ గార్డులుగా రెండో ఉద్యోగం చేసి రిటైరయినవారు వారు. వారిలో ఒకాయన ఒకసారి మన సమావేశంలో కాస్త కోపంగానే మాట్లాడారు. బజారులో ఓ కుర్రవాడి చొక్కా భుజాన మూడు గీతల హవల్దారు గుర్తు, రొమ్మున పారాచూట్ రెక్కల బ్యాడ్జి ఉన్నాయట. “ఆ రెక్కల కోసం నేను విమానంలోంచి దూకాను. ఆ అబ్బాయి మూడొందల యాభై రూపాయలకు కొనుక్కున్నాడు” అన్నారాయన. పక్కనే కూర్చున్న మరొక మిత్రుడు “పిల్లలు సరదాకు వేసుకుంటే మీకొచ్చిన నష్టమేమిటండీ?” అన్నారు. ఇద్దరిలో ఎవరిది న్యాయం? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే, సైనికుల గుర్తులు సామాన్యుల ఒంటిమీదికి ఎలా వచ్చాయో ముందు చూడాలి.

దండు నుంచి దుకాణానికి

ఇది నిన్నా మొన్నా పుట్టిన వేలంవెర్రి కాదు. మెడకు కట్టుకునే టై సంగతే చూడండి. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు రాజు కొలువులో క్రొయేషియా దేశపు సైనికులుండేవారు. వారు మెడ చుట్టూ ఒక గుడ్డ కట్టుకునేవారు. పారిస్ షోకిలాలకు అది నచ్చింది. క్రోట్ అనే జాతి పేరే ‘క్రవాట్’ అయింది. 1692లో స్టీన్‌కర్క్ అనే చోట జరిగిన యుద్ధంలో శత్రువు హఠాత్తుగా మీదపడితే, ఫ్రెంచి అధికారులు ఆ గుడ్డను సరిగా ముడివేసుకునే తీరిక లేక, అలా చుట్టేసుకుని గుర్రమెక్కారని కథ. గెలిచి వచ్చారు కనుక ఆ తొందరపాటు చుట్టుడే ఫ్యాషనయింది. దానికి ఆ యుద్ధం పేరే పెట్టారు. ఆడవారు కూడా కట్టుకున్నారు.

చలికాలం తెల్లవారుజామున నడకకు వెళ్లే మన మిత్రులు తలకు తగిలించుకునే మంకీ క్యాపు సంగతి మరీ వింత. ఇంగ్లీషులో దాని పేరు ‘బాలక్లావా’. క్రిమియా యుద్ధంలో 1854 అక్టోబరు 25న పోరు జరిగిన ఊరి పేరది. ఆ చలికి తట్టుకోలేని సైనికుల కోసం అల్లిన ఉన్ని టోపీలకు తరువాత ఆ ఊరి పేరు స్థిరపడింది. అదే రోజున ఆశ్వికదళాన్ని ఫిరంగుల నోట్లోకి నడిపించిన అధికారి కార్డిగన్ ప్రభువు. ముందు గుండీలుండే స్వెట్టరుకు ఆయన పేరే నిలిచింది. ఆ యుద్ధంలో బ్రిటిష్ సేనాధిపతి రాగ్లన్ ప్రభువు. వాటర్లూలో కుడిచేయి పోగొట్టుకున్నవాడు. మెడ దగ్గర నుంచి ఏటవాలుగా కుట్టే చొక్కా చేతికి ఆయన పేరుంది. నిర్వహణ లోపాలతో, రోగాలతో వేలమంది సిపాయిలు చనిపోయిన యుద్ధమది. లోకానికి మిగిలినవి రెండు స్వెట్టర్లు, ఒక టోపీ!

మొదటి ప్రపంచయుద్ధంలో ఇంకొకటి వచ్చింది, ట్రెంచ్ కోటు. ట్రెంచ్ అంటే కందకం. బురద కందకాలలో నిలబడే అధికారుల కోసం బర్బెరీ, ఆక్వాస్కూటమ్ వంటి లండన్ కంపెనీలు వాన తడవని గుడ్డతో కుట్టినది అది. అధికారులు తమ డబ్బుతో కొనుక్కునేవారు. భుజాల మీద పట్టీలున్నాయి చూశారా, అవి అలంకారానికి కావు. హోదా గుర్తులు తగిలించుకోవడానికి. యుద్ధం ముగిశాక కోటు బజారుకొచ్చింది, పట్టీలు అలాగే ఉండిపోయాయి. ఈనాటికీ మన పిల్లల చొక్కాల మీద గుండీతో ఒక చిన్న భుజపట్టీ ఉంటుంది. దానికి పనేమీ లేదు. హోదా పోయింది, అది తగిలించుకునే కొక్కెం మిగిలింది. మగవారు జేబు గడియారం మాని చేతి గడియారం పెట్టుకోవడం కూడా ఆ యుద్ధంతోనే విరివిగా అలవాటయింది. అంతకు ముందు చాలామంది దాన్ని ఆడవారి నగగా చూసేవారు.

ఇంతవరకు చెప్పినవన్నీ వస్త్రాలు, వస్తువులు. వీటికి ఏ సైనికుడూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పవలసిన పనీ లేదు. చిక్కల్లా గుర్తుల దగ్గర వచ్చింది.

ఎర్రకోటు సంతకొచ్చిన కథ

1960ల లండన్ నగరానికి పోదాం. అక్కడ పోర్టొబెల్లో రోడ్డనే పాతసామాన్ల వీధి ఉంది. ఆ వీధిలో ఒక దుకాణానికి చిత్రమైన పేరు పెట్టారు: ‘ఐ వాజ్ లార్డ్ కిచెనర్స్ వ్యాలెట్’. అంటే ‘నేను కిచెనర్ దొరగారి ఇంటి నౌకరును’ అని. కిచెనర్ ఎవరో మన పెద్దలకు తెలుసు. 1902 నుంచి 1909 దాకా భారత సైన్యానికి సర్వసేనాధిపతి. 1914లో బ్రిటన్ యుద్ధమంత్రి. వేలు చూపిస్తూ సైన్యంలో చేరమని పిలిచే ఆ ప్రసిద్ధమైన పోస్టరులోని మీసాల మనిషి ఆయనే. 1916లో ఓడ మునిగి మరణించాడు. సామ్రాజ్యానికి నిలువెత్తు బొమ్మలాంటి ఆ మనిషి పేరును యాభయ్యేళ్లకు కుర్రకారు వేళాకోళానికి వాడుకున్నారన్నమాట.

ఆ దుకాణంలో అమ్మిందేమిటి? విక్టోరియా రాణి కాలం నాటి ఎర్ర సైనిక కోట్లు, బంగారు జరీ అల్లికల అశ్వికుల జాకెట్లు, భుజకీర్తులు, పతకాలు. 1966లో రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ అక్కడ ఒక రక్షకదళం ఎర్రకోటు కొని, దాన్ని తొడుక్కుని టెలివిజన్‌లో పాడాడు. మరునాటికి దుకాణం ముందు జనం బారులు తీరారని దుకాణదారులు తరువాత చెప్పుకున్నారు. జిమీ హెండ్రిక్స్ అనే అమెరికన్ గిటారు విద్వాంసుడు జరీ అల్లికల హుస్సార్ జాకెట్టుతో తీయించుకున్న ఫొటోలు లోకమంతా తిరిగాయి.

అసలు అన్ని కోట్లు బజారులోకి ఎలా వచ్చాయి? ఫ్యాషన్ చరిత్రలు రాసేవారు ఈ ప్రశ్నను తరచు దాటేస్తారు. స్టోర్సు విభాగంలో పనిచేసిన నాబోటివాడికి ముందు ఇదే తోస్తుంది. బ్రిటిష్ సైన్యం 1902లో రోజువారీ దుస్తులకు ఖాకీని ఖాయం చేసుకుంది. ఎర్రకోటు కవాతులకే మిగిలింది. 1914లో యుద్ధం రాగానే అదీ ఆగిపోయింది. యుద్ధం తరువాత రాజుగారి రక్షకదళాలకు, బ్యాండు మేళాలకు తప్ప దాన్ని పునరుద్ధరించలేదు. ఆ తరువాత రెండో యుద్ధం, దాని వెనుకే సామ్రాజ్యం కరిగిపోవడం. 1957లో రక్షణ మంత్రి డంకన్ శాండ్స్ సైన్యాన్ని కుదించే పథకం తెచ్చాడు. ఎన్నో పాత రెజిమెంట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. నిర్బంధ సైనికసేవకు పిలుపులు 1960తో ఆగాయి, చివరి కుర్రవాడు 1963లో ఇంటికి వచ్చాడు. రెజిమెంటు పోతే దాని బీరువా ఏమవుతుంది? మన డిపో మూసేస్తే స్టోర్సులోని సామానుకు ఏ గతి పడుతుందో ఆ గతే: వేలం. తాతలు గౌరవంగా తొడిగిన కోటు తూకం సరుకయి, మనవలకు చౌకగా దొరికింది.

ఆ మనవలు ఎవరనుకున్నారు? నిర్బంధ సైనికసేవ తప్పించుకున్న మొదటి తరం. వారికి తల మీద అరిచే సార్జెంటు లేడు. కనుకనే ఆ కోటు వారికి భయంగానూ లేదు, భక్తిగానూ లేదు. కొందరికి అది హాస్యం, కొందరికి యుద్ధం మీద నిరసన, ఎక్కువమందికి ఉత్త రంగు. అదే కోటులో యుద్ధం చేసినవారి పిల్లలకు మాత్రం అది గుండెలో గుచ్చుకుంది.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. హెండ్రిక్స్ వట్టి షోకిలా కాడు. 1961లో అమెరికా సైన్యంలో చేరి, 101వ పారాచూట్ డివిజనులో విమానంలోంచి దూకి, డేగ తల గుర్తును హక్కుగా సంపాదించినవాడు. 1962లో సైన్యం నుంచి విడుదలయ్యాడు. తన హక్కైన గుర్తు ఉండగా, తనది కాని జాకెట్టుతో ప్రసిద్ధికెక్కాడు! కోటును చూసి మనిషి చరిత్ర చెప్పలేమని ఇంతకంటే రుజువేం కావాలి?

మద్రాసులో పుట్టిన కుర్రవాడు, తాతగారి పతకాలు

1967లో బీటిల్స్ బృందం ‘సార్జెంట్ పెప్పర్’ అనే రికార్డు తెచ్చింది. దాని అట్టమీద నలుగురూ మెరిసే శాటిన్ గుడ్డతో, బ్యాండు మేళం వాళ్ల తరహా సైనిక దుస్తుల్లో నిలబడ్డారు. అవి ఏ రెజిమెంటువీ కావు, నాటక సామగ్రి దుకాణంలో కుట్టించినవి. కానీ జాన్ లెనన్ రొమ్మున పెట్టుకున్న పతకాలు మాత్రం నిజమైనవి. వాటి కథ మన మద్రాసును తాకుతుంది.

బీటిల్స్ బృందంలో మొదట డ్రమ్ములు వాయించినవాడు పీట్ బెస్ట్. అతడు 1941 నవంబరు 24న మద్రాసులో పుట్టాడు. తల్లి మోనా ఢిల్లీలో పుట్టింది. ఆమె తండ్రి మన దేశంలో పనిచేసిన సైనికాధికారి. 1945లో ఆ కుటుంబం లివర్‌పూల్ వెళ్లిపోయింది. మోనా తన ఇంటి నేలమాళిగలో నడిపిన కాఫీ క్లబ్బులోనే ఆ కుర్రవాళ్లు తొలి రోజుల్లో పాడారు. 1962 ఆగస్టులో, ఇక పేరు రాబోతోందనగా, పీట్‌ను బృందం నుంచి తప్పించారు. ఐదేళ్ల తరువాత అట్టమీది ఫొటో కోసం లెనన్ మోనాగారినే అడిగి, ఆమె తండ్రి భారతదేశంలో పొందిన పతకాలను అరువు తెచ్చుకున్నాడు. కొడుకును కాదన్న బృందానికి ఆ తల్లి తన తండ్రి పతకాలిచ్చింది! ఆ తరువాత అవి తిరిగి ఆ కుటుంబానికే చేరాయి.

కోట్లమంది ఆ అట్టను చూశారు. ఆ పతకాలు ఎవరివో, ఎందుకు వచ్చాయో ఎంతమంది అడిగి ఉంటారు? ఒక మనిషి జీవితకాలపు కొలువు అక్కడ ఒక రంగు చుక్కగా మిగిలింది.

ఇదే బృందానికి 1965లో బ్రిటిష్ ప్రభుత్వం ఎం.బి.ఇ. బిరుదులు ప్రకటించినప్పుడు, యుద్ధంలో సంపాదించిన తమ పతకాలను నిరసనగా వాపసు పంపిన మాజీ సైనికులున్నారు. విచిత్రమేమంటే 1969లో లెనన్ కూడా తన బిరుదును వాపసు చేశాడు. బయాఫ్రా యుద్ధంలో బ్రిటన్ పాత్రకు, వియత్నాంలో అమెరికాకు ఇచ్చే మద్దతుకు అది నిరసన. పతకాన్ని తిరిగి ఇవ్వడానికి మాత్రం ముందు అది నీదై ఉండాలి. కొనుక్కున్న పతకాన్ని ఎవరికి వాపసు చేస్తావు?

ఆ మాట అమెరికాలో మరింత గట్టిగా తెలిసింది. వియత్నాం యుద్ధకాలంలో కళాశాల విద్యార్థులు సైన్యపు మిగులు దుకాణాల్లో పాత ఆకుపచ్చ జాకెట్లు కొని, శాంతి గుర్తులు కుట్టుకుని ఊరేగింపులకు వెళ్లేవారు. వాటి మీద అప్పటికే ఎవరో సైనికుడి పేరు పట్టీ, దళం గుర్తు ఉండేవి. 1971 ఏప్రిల్‌లో అక్కడే యుద్ధం నుంచి వచ్చిన అసలు సైనికులు వాషింగ్టన్ చేరి, పార్లమెంటు భవనం ముందు వేసిన కంచె మీదుగా తమ పతకాలను విసిరేశారు. విద్యార్థి జాకెట్టు నిరసనే, సైనికుడి పతకం విసరడమూ నిరసనే. రెండోదానికి ఉన్న బరువు మొదటిదానికి లేదు. కారణం వేరే చెప్పనక్కరలేదు.

చట్టం ఏమంటుంది?

బ్రిటన్‌లో 1894 నాటి యూనిఫారాల చట్టం ఉంది. సైనికుడు కానివాడు అనుమతి లేకుండా సైనిక దుస్తులు ధరించరాదని అది చెబుతుంది. నాటకాలకు, సర్కసులకు మినహాయింపు ఇచ్చింది. చట్టం అలా ఉండగానే పోర్టొబెల్లో రోడ్డు వ్యాపారం సాగింది. అందరి ఒంటిమీదా ఉన్న బట్టను చట్టం ఆపలేదు.

అమెరికాలోనూ యూనిఫారం మీద నిషేధముంది, నటులకు మినహాయింపుంది. కానీ ఆ పాత్ర సైన్యాన్ని కించపరచకూడదని షరతు పెట్టారు. 1967 డిసెంబరులో హ్యూస్టన్‌లో డేనియల్ షాక్ట్ అనే యువకుడు సైనిక దుస్తుల్లో యుద్ధవ్యతిరేక వీధినాటకం ఆడితే ఆరు నెలల శిక్ష పడింది. 1970లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. పొగిడితే తొడగొచ్చు, విమర్శిస్తే తొడగకూడదు అనే షరతు చెల్లదంది. ఆ తరువాత 2012లో ఇంకొక తీర్పు వచ్చింది. తనకు అత్యున్నత శౌర్యపతకం వచ్చిందని సభలో అబద్ధం చెప్పిన ఒక కాలిఫోర్నియా నాయకుడి కేసు అది. అబద్ధమాడినంత మాత్రాన నేరం కాదని కోర్టు అన్నది. దాంతో 2013లో చట్టాన్ని సవరించి, ఆ అబద్ధంతో డబ్బో మరొక లాభమో పొందజూస్తేనే నేరమన్నారు.

మన దేశంలో భారతీయ శిక్షాస్మృతి 140వ సెక్షను ఉండేది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయసంహిత 168వ సెక్షను వచ్చింది. సైనికుడు కానివాడు, తనను సైనికుడని నమ్మించే ఉద్దేశంతో సైనిక దుస్తులు ధరించినా, గుర్తులు పెట్టుకున్నా మూడు నెలల దాకా జైలు, లేదా రెండువేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ‘నమ్మించే ఉద్దేశంతో’ అన్న మాటను గమనించండి. షోకుకు వేసుకున్న కుర్రవాడు ఈ సెక్షను కిందికి రాడు. సైనికుడినని చెప్పి ఇల్లు అద్దెకిస్తానంటూ, బండి అమ్ముతానంటూ డబ్బు గుంజే మోసగాడు వస్తాడు.

భద్రత కోణం వేరు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి చేసినవారు సైనిక దుస్తుల్లో వచ్చారు. ఆ తరువాత సైన్యం ప్రజలను, దుకాణదారులను పోరాట దుస్తుల నమూనా బట్టలు వాడవద్దని, అమ్మవద్దని కోరింది. 2022 జనవరి 15న, సైనిక దినోత్సవం నాడు, కొత్త పోరాట దుస్తులు ప్రవేశపెట్టి, ఆ నమూనాను తన పేరిట రిజిస్టరు చేయించుకుంది. కొన్ని దేశాలు ఇంకా కఠినం. బార్బడోస్, జమైకా వంటి కరీబియన్ ద్వీపాలలో మచ్చల బట్ట సామాన్యులెవరూ వేసుకోకూడదు, యాత్రికుడైనా సరే. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లి, అక్కడి నుంచి ఓడ విహారానికి బయలుదేరే మన మిత్రులు మనవల నిక్కర్లు ఒకసారి చూసుకోవడం మంచిది.

మన వీధుల్లో

మన దగ్గర ఈ వాడుక ఎప్పటినుంచో ఉంది, మనమే గమనించం. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వాళ్ల దుస్తులు చూడండి: ఎర్రకోటు, బంగారు జరీ, భుజకీర్తులు, అంచు టోపీ. తెల్లదొరల రెజిమెంటు బ్యాండుకు అది మనవడి వరస. ఆ కోటు చూసి ఎవరూ మోసపోరు, ఎవరూ నొచ్చుకోరు. ఎండలో, పెట్రోమాక్స్ వెలుగులో బాకా ఊది కుటుంబాన్ని పోషించుకునే మనిషి బట్టలవి. హోటలు ముందు సలాము కొట్టే ద్వారపాలకుడి భుజాన నక్షత్రాలూ అంతే.

సెక్యూరిటీ గార్డుల విషయంలో మాత్రం చట్టం కలగజేసుకుంది. 2005 నాటి ప్రైవేటు భద్రతా సంస్థల చట్టం ప్రకారం, ఆ గార్డులు సైనికుల, పోలీసుల యూనిఫారాన్ని గాని, అలా కనబడే దుస్తులను గాని ధరిస్తే ధరించిన గార్డుకూ, సంస్థ యజమానికీ శిక్ష ఉంది. ఇది సబబే. కర్ర పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డవాడి భుజం మీది గుర్తు ఎదుటివాడిని భయపెట్టగలదు. పెళ్లి బ్యాండుకు ఆ శక్తి లేదు.

ఇటీవలి ఉదాహరణ క్రికెట్‌లో దొరుకుతుంది. మహేంద్రసింగ్ ధోనీకి 2011లో టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చారు. గౌరవమే కదా అని ఊరుకోకుండా 2015లో ఆగ్రాలో శిక్షణ పొంది విమానంలోంచి ఐదుసార్లు దూకి రెక్కలు సంపాదించాడు. 2019 జూన్‌లో ప్రపంచకప్పు పోటీలో అతని వికెట్‌కీపరు చేతి తొడుగు మీద పారా దళాల ‘బలిదాన్’ గుర్తు కనబడింది. అంతర్జాతీయ క్రికెట్ మండలి దాన్ని తీసేయమంది. ఆట సామగ్రి మీద అటువంటి చిహ్నాలకు నిబంధనలు ఒప్పుకోవంది. అదే ఏడాది మార్చిలో రాంచీలో, పుల్వామాలో మరణించిన జవాన్ల స్మృతికి మన జట్టంతా సైనిక తరహా టోపీలు పెట్టుకుంటే, అదే మండలి ముందుగా అనుమతి ఇచ్చింది. టీ కొట్ల దగ్గర అప్పట్లో జరిగిన వాదన ఎక్కువగా దేశభక్తి గురించే సాగింది. మాజీ సైనికులు కొందరు మాత్రం వేరే ప్రశ్న వేశారు: ఆ గుర్తు పెట్టుకునే అర్హత ఎవరిది, ఎక్కడ పెట్టుకోవాలి? నాకు ఆ ప్రశ్నే అసలు ప్రశ్న అనిపించింది.

మూడు మెట్లు

ఇంత చరిత్ర చూశాక నాకు తోచింది ఇది. సైనిక దుస్తుల్లో మూడు మెట్లున్నాయి. మొదటిది గుడ్డ, కోత, రంగు. ఖాకీ, మంకీ క్యాపు, భుజపట్టీ, మచ్చల ప్యాంటు ఇందులోవి. ఇవి లోకానికి చెందిపోయాయి, వెనక్కి లాగలేం. మన ఖాకీని సైన్యం తిరిగి అడగలేదు కదా! భద్రత కోసం ప్రస్తుతం వాడుకలో ఉన్న నమూనాను మాత్రం వదిలేయమంటే, వదిలేయడం పౌరధర్మం.

రెండోది దళం గుర్తు, హోదా గీతలు. ఇది ఒక కుటుంబం ఇంటిపేరు వంటిది. ఇంకొకరి ఇంటిపేరు పెట్టుకుంటే జైల్లో వేయనక్కరలేదు, కానీ ఎందుకు పెట్టుకున్నావని అడిగే హక్కు ఆ ఇంటివారికి ఉంది.

మూడోది పతకం, రెక్కలు, గాయం గుర్తు. ఇది బట్ట కాదు, సాక్ష్యం. ఫలానా మనిషి ఫలానా చోట ఫలానా పని చేశాడని రాజ్యం రాసి ఇచ్చిన పత్రం. మన సర్వీసు రిజిస్టరులో ఇంకొకరి ఎంట్రీ వేసుకోవడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. అందుకే బ్రిటన్, ఆస్ట్రేలియాలలో ఒక మంచి ఆచారం ఉంది. చనిపోయిన సైనికుడి పతకాలను స్మారక దినాన వారసులు ధరించవచ్చు, కాని కుడి రొమ్మున. ఎడమవైపు సంపాదించినవాడిది. ‘ఇవి నావి కావు, నావారివి’ అని నోరు విప్పకుండా చెప్పే పద్ధతి అది. మన మాజీ సైనిక మిత్రుడి కోపమూ, ‘సరదాకు’ అన్న మిత్రుడి మాటా రెండూ నిజమే. మిత్రుడు మాట్లాడింది మొదటి మెట్టు గురించి, సైనికుడు మాట్లాడింది మూడో మెట్టు గురించి. బజారులో రెండింటినీ ఒకే చొక్కా మీద కుట్టి అమ్ముతున్నారు, అందుకే తగవు వచ్చింది. పోలీసును పిలిచే కంటే ఆ కుర్రవాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రెక్కల అర్థం చెప్పడం ఎక్కువ పని చేస్తుంది. దూకినవారే చెబితే మరీ మంచిది.

అయితే కుర్రవాళ్లనే అని లాభం లేదు. పతకాలను మనం మాత్రం ఎంత భద్రంగా చూశాం? 1914–18 యుద్ధంలో పాల్గొన్న మన సిపాయిలకు వెండితో చేసిన బ్రిటిష్ వార్ మెడల్ ఇచ్చారు. అంచు చుట్టూ ఆ మనిషి పేరు, నంబరు, దళం చెక్కేవారు. మూటలు మోసి, రోడ్లు వేసిన కూలీ దళాలవారికి అదే పతకం కంచుతో ఇచ్చారు. చావులో లేని తేడా లోహంలో చూపించారు. వెండిది కావడమే ఆ పతకానికి శాపమైంది. 1980లో వెండి ధర ఆకాశానికి ఎగిరినప్పుడు బ్రిటన్‌లోనే ఎన్నో కరిగిపోయాయి. మా తాతగారి అన్నగారు ఆ యుద్ధంలో మెసపొటేమియా వెళ్లి వచ్చారు. ఆయన పతకం మా ఇంట్లో ఒక పసిబిడ్డకు మొలతాడయింది. లేమి రోజులు, ఎవరినీ తప్పు పట్టను. కానీ అంచు మీద చెక్కిన నంబరు కూడా దానితోపాటే కరిగింది. ఇవాళ ఆయన ఏ దళంలో పనిచేశారో చెప్పగలిగినవారు మా వంశంలో ఎవరూ లేరు.

పశ్చిమ గోదావరిలో మాధవరాన్ని ‘మిలిటరీ మాధవరం’ అంటారు. తరతరాలుగా ఇంటింటా సైనికుడున్న ఊరు కనుక ఆ పేరు వచ్చింది. అంత పేరు రాకపోయినా, తెలుగునాట ప్రతి తాలూకాలోనూ అటువంటి ఇళ్లున్నాయి. కనుక మన సభ్యులకు ఒక మనవి. మీ ఇంట్లో ట్రంకుపెట్టెలోనో, దేవుడి గూట్లోనో పెద్దవారి పతకం ఉంటే, ఒకసారి బయటికి తీయండి. బ్రాసోతో రుద్దకండి, అంచు మీది అక్షరాలు అరుగుతాయి. భూతద్దం పెట్టి ఆ పేరు, నంబరు, దళం ఒక కాగితం మీద రాయండి. ఆయన గురించి మీకు గుర్తున్న నాలుగు ముక్కలు దానికింద చేర్చండి. ఆ కాగితం నకలు సంఘం కార్యాలయానికి పంపితే మన పత్రికలో వరసగా వేద్దామని కార్యదర్శిగారు ఒప్పుకున్నారు. పతకాన్ని మాత్రం పంపకండి, అది మీ ఇంట్లోనే ఉండాలి.